గ్రాఫిక్స్ కార్డులోని మిగులు

మన ఇంటి రేడియోలో ఒక స్టేషను ప్రతిదినము ఒకే చోట పలుకవలెనన్న, ఆ స్టేషను తన తరంగమును ఒకే సంఖ్యపై నిలుపుకొనవలెను. ఆ నిలకడను ప్రసారయంత్రములకు చిరకాలముగ ఇచ్చుచు వచ్చినది క్వార్ట్జ్ స్ఫటికము. విద్యుత్తు తగిలినంతనే అది సెకనుకు ఇన్ని లక్షల సార్లు అని లెక్క తప్పక కంపించును. పూర్వము ఆ లెక్కను సైకిళ్లు, కిలోసైకిళ్లు అని చెప్పెడివారు. 1960లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ 'హెర్ట్జ్' అను పేరును స్వీకరించిన పిదప కిలోహెర్ట్జ్, మెగాహెర్ట్జ్ అను మాటలు క్రమముగ వాడుకలోనికి వచ్చెను.

కంప్యూటరులో కూడ అదే జాతి స్ఫటికము కలదు. అక్కడ దాని పని తరంగమును పంపుట కాదు, తాళము వేయుట. తాళము పడిన ప్రతిసారి లోపలి ట్రాన్సిస్టర్లు లెక్కలో ఒక అడుగు ముందుకు వేయును. ఈ తాళమునకే క్లాక్ అని పేరు. మన ఊళ్లలో ట్రాన్సిస్టరు అనగా రేడియో అనియే చాలకాలము అర్థము. 1954లో అమెరికాలో వెలువడిన రీజెన్సీ టి.ఆర్.-1 అను తొలి ట్రాన్సిస్టరు రేడియోలో నాలుగు ట్రాన్సిస్టర్లు ఉండెను. 2022లో వెలువడిన ఎన్విడియా సంస్థ వారి ఆర్.టి.ఎక్స్. 4090 అను గ్రాఫిక్స్ కార్డు చిప్పులో సుమారు 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు కలవు. అవి అన్నియు తాళమును అనుసరించి నడువవలసినవే.

తయారీదారు నిర్ణయించిన తాళము కంటె వేగముగ చిప్పును నడిపించుటను ఓవర్‌క్లాకింగ్ అందురు. నిర్ణయించిన వోల్టేజి కంటె తక్కువ వోల్టేజితో నడిపించుటను అండర్‌వోల్టింగ్ అందురు. కంప్యూటరు తెరపై బొమ్మలను గీయు గ్రాఫిక్స్ కార్డు విషయమున ఈ రెండు పనులు నేడు అనేక గృహములలో జరుగుచున్నవి. ఆటలాడు యువకులు, వీడియోలు కూర్చువారు, కృత్రిమ మేధను అభ్యసించు విద్యార్థులు ఒకరి అంకెలను మరియొకరు చూచి తమ కార్డులకు పెట్టుకొనుచున్నారు. ఆ కార్డుల వెల సామాన్యమైనది కాదు. కావున ఈ పని ఎట్లు పుట్టెను, ఏ దారిన నడిచెను, ఇందు భద్రమైనదేది, కానిదేది అని చరిత్రనుబట్టి విచారించుట ఆ కార్డు గల ప్రతి ఇంటికి అవసరము.

కథ 1984లో మొదలగును. ఆ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ పి.సి. ఏ.టి. అను కంప్యూటరును విడుదల చేసెను. అందలి ఇంటెల్ 80286 ప్రాసెసరు 6 మెగాహెర్ట్జ్ వేగమున నడిచెడిది. ఆ వేగమునకు ఆధారము 12 మెగాహెర్ట్జ్ స్ఫటికము. ప్రాసెసరు దానిని సగము చేసి వాడుకొనెడిది. ఇది గమనించిన కొందరు ఆ స్ఫటికమును తీసివేసి, 16 మెగాహెర్ట్జ్ స్ఫటికమును తెచ్చి పెట్టిరి. యంత్రము 8 మెగాహెర్ట్జ్ వేగమున, అనగా మునుపటి కంటె మూడింట ఒక వంతు అధికవేగమున, నడువసాగెను. ఖర్చు స్వల్పము, లాభము అధికము. సంస్థకు ఇది రుచింపలేదు. తరువాత తయారైన యంత్రములలో ఒక కొత్త ఏర్పాటు చేసిరి. మీట నొక్కినవెంటనే యంత్రము తన వేగమును తానే పరీక్షించుకొనును. 6 మెగాహెర్ట్జ్ మించినచో ముందుకు సాగదు. 1986లో ఆ సంస్థయే 8 మెగాహెర్ట్జ్ నమూనాను అమ్మకమునకు తెచ్చెను.

తరువాతి నలువది సంవత్సరముల చరిత్ర అంతయు ఈ చిన్న ఉదంతములో ఇమిడి యున్నది. యంత్రములో వాడకములోనికి రాని శక్తి కొంత ఉండెను. దానిని కొన్నవాడు కనిపెట్టెను. అమ్మినవాడు అడ్డుకొనెను. తుదకు అమ్మినవాడే ఆ శక్తిని తన సరుకుగ అమ్ముకొనెను.

ఈ మిగులు ఎక్కడనుండి వచ్చును? ఒకే మట్టితో, ఒకే సారెపై చేసి, ఒకే ఆవములో కాల్చిన కుండలు అన్నియు ఒక్క తీరున ఉండవు. అందుకే మన ఇల్లాండ్రు కుండను వేలితో మోగించి చూచి గాని కొనరు. సిలికాను పలకపై ఒకేసారి తయారగు చిప్పులును అట్టివే. ఒకటి తక్కువ వోల్టేజితో చురుకుగ నడుచును. దాని ప్రక్కదే అంత వేగమునకు ఎక్కువ వోల్టేజి కోరును. కర్మాగారములో వానిని పరీక్షించి తరగతులుగ విభజింతురు. ఒక తరగతిలో అన్నిటికంటె బలహీనమైన చిప్పు, వేడి గదిలో, విద్యుత్తు క్షణకాలము కుంగిన వేళ, కొన్ని సంవత్సరములు వాడి అరిగిన పిదప కూడ తప్పు చేయకుండ నడుచునట్లు ఆ తరగతి వేగమును, వోల్టేజిని నిర్ణయింతురు. కావున సగటు చిప్పునకు ఇచ్చిన వోల్టేజి దాని నిజమైన అవసరము కంటె కొంత అధికమే. మంచి చిప్పు దొరకుట కొన్నవాని అదృష్టము. దీనిని వాడుకదారులు సిలికాను లాటరీ అని పరిహాసముగ పిలుతురు.

ఇచ్చట ఒక మూలవిషయమును గ్రహింపవలెను. ఒక తాళమునకు బయలుదేరిన సంకేతము మరుసటి తాళము పడులోపల గమ్యమును చేరవలెను. ముందుగ చేరినచో మిగిలిన కాలమే మనము చెప్పుకొనుచున్న మిగులు. తాళమును వేగము చేసినచో గడువు తగ్గును. వోల్టేజిని తగ్గించినచో ట్రాన్సిస్టర్లు మందగించి, సంకేతపు నడక నెమ్మదించును. గడువు తగ్గినను, నడక తగ్గినను ఖర్చగునది ఒకే నిలువ. కావున ఓవర్‌క్లాకింగ్, అండర్‌వోల్టింగ్ అనునవి పరస్పర విరుద్ధములని తలచుట పొరపాటు. రెండును ఒకే ఖాతానుండి తీయు సొమ్ములు. నిలువ నిండుకొన్న దినమున రెండును ఒకే విధముగ తప్పు చేయును. భేదమంతయు వేడిమిలో కలదు. మొదటిది వేడిమిని పెంచును, రెండవది తగ్గించును.

ఓవర్‌క్లాకింగునకు జనాదరణ కలిగించినది 1998లో వెలువడిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ. అది చౌకరకపు ప్రాసెసరు. దాని వేగము 300 మెగాహెర్ట్జ్. దానికి ఆధారమైన బోర్డు తాళమును 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చినచో అదే చిప్పు 450 మెగాహెర్ట్జ్ వేగమున నడిచెడిది. పలువురు కొన్న చిప్పులు ఆ పరీక్షలో నెగ్గెను. పెద్ద వెల పెట్టలేని విద్యార్థి పెద్ద వెల ప్రాసెసరుతో సమానమైన వేగమును పొందగలిగెను.

గ్రాఫిక్స్ కార్డులు కూడ ఆ కాలముననే ఇండ్లలో ప్రవేశించెను. 1996లో వచ్చిన త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ గ్రాఫిక్స్ 50 మెగాహెర్ట్జ్ వేగమున నడిచెడిది; దానికి పంకా అవసరమే లేకుండెను. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256ను 120 మెగాహెర్ట్జ్ వేగముతో తెచ్చి, దానికే జి.పి.యు. అను పేరును ప్రచారము చేసెను. ఇప్పుడు స్ఫటికమును ఊడదీయ నక్కరలేదు. పవర్‌స్ట్రిప్, రివాట్యూనర్ వంటి ప్రోగ్రాములు వచ్చెను. తెరపై ఒక గీటును ప్రక్కకు జరిపిన చాలు, కార్డు తాళము మారును. పని సులభమైనకొలది దానిని అర్థము చేసికొనక చేయువారు కూడ పెరిగిరి.

ఆ దినములలో వేగము పెంచిన పెద్ద ప్రమాదము కనబడకుండుటకు ఒక శాస్త్రీయ కారణము కలదు. ఐ.బి.ఎం. పరిశోధకుడు రాబర్ట్ డెనార్డ్ తన సహచరులతో కలిసి 1974లో ఒక వ్యాసమును ప్రకటించెను. ట్రాన్సిస్టరు కొలతలను తగ్గించునప్పుడు దాని వోల్టేజిని కూడ అదే నిష్పత్తిలో తగ్గించినచో, వేగము పెరిగినను చదరపు స్థలమునకు అగు వేడిమి పెరుగదని అందు నిరూపించెను. పరిశ్రమ మూడు దశాబ్దములు ఈ సూత్రపు నీడలో సుఖముగ నడిచెను. 80286 కాలమున 5 వోల్టులు. సెలెరాన్ 300ఏ కాలమునకు 2 వోల్టులు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దము నడుమకు సుమారు 1 వోల్టు. అక్కడ దారి మూసికొనెను. అంతకంటె తగ్గించినచో ట్రాన్సిస్టరును మూసినను అందునుండి విద్యుత్తు కారిపోవుట మిక్కుటమగుచుండెను. కొళాయి కట్టినను ధార ఆగని స్థితి అది. 2004 మే నెలలో ఇంటెల్ సంస్థ తేజాస్ అను ప్రాసెసరు యత్నమును విడిచిపెట్టెను. అదే సంవత్సరము అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను కూడ రద్దు చేసెను. వేగమునకు వేడిమి హద్దు గీచెను.

ఆ హద్దు ఎంత కఠినమో ఒక చిన్న లెక్కవలన తెలియును. చిప్పులో స్విచ్చులు తెరచి మూయుటకు అగు విద్యుత్తు తాళపు వేగమునకు సమముగ పెరుగును. వోల్టేజి విషయమున మాత్రము దాని వర్గమును అనుసరించి పెరుగును. వేగమును నూటికి 10 పెంచుటకు వోల్టేజిని కూడ నూటికి 10 పెంచవలసివచ్చినచో, విద్యుత్తు ఖర్చు నూటికి 33 పెరుగును. ఇక దీనిని తిరుగవేసి చూడుడు. వేగమును ఉన్నచోటనే ఉంచి, వోల్టేజిని 1.05 నుండి 0.90 వోల్టునకు తగ్గించినచో, ఆ ఖర్చు నూటికి 73 వంతులకు దిగివచ్చును. పైకి ఎక్కుటలో అంత నష్టము, క్రిందికి దిగుటలో ఇంత లాభము గలదని గ్రహించుటకు వాడుకదారులకు చాలకాలము పట్టెను.

గ్రాఫిక్స్ కార్డులలో వేడిమి సమస్య 2003లో చెవులకే వినవచ్చెను. ఆ సంవత్సరము వెలువడిన జీఫోర్స్ ఎఫ్.ఎక్స్. 5800 అల్ట్రా 500 మెగాహెర్ట్జ్ వేగమును అందుకొనుటకు రెండు కార్డుల చోటును ఆక్రమించు పెద్ద పంకాను ధరించెను. దాని మోతకు జనులు దుమ్ముపీల్చు యంత్రము అని పేరు పెట్టిరి. ఆ సంవత్సరమే ఏ.టి.ఐ. సంస్థ రేడియాన్ 9800 ఎక్స్.టి. కార్డులో ఓవర్‌డ్రైవ్ అను ఏర్పాటును ప్రవేశపెట్టెను. చిప్పు ఉష్ణోగ్రతను కొలిచి, చల్లగ నున్నప్పుడు తాళమును కొంత పెంచుట దాని పని. ఆనాడు అది చిన్న విశేషముగ తోచెను గాని, భవిష్యత్తు అందే కలదు. 2010లో వచ్చిన జీఫోర్స్ జి.టి.ఎక్స్. 480కు 250 వాట్లు కావలసివచ్చెను. దాని వేడిమిని గూర్చి ఫిర్యాదు చేయని విమర్శకుడు అరుదు.

2012 మార్చిలో వెలువడిన జి.టి.ఎక్స్. 680తో కథ మలుపు తిరిగెను. అందు జి.పి.యు. బూస్ట్ అను పద్ధతి ప్రవేశించెను. దానికి చెప్పిన కనీస వేగము 1,006 మెగాహెర్ట్జ్. కాని విద్యుత్తు ఖర్చు, ఉష్ణోగ్రత అనుమతించినంతవరకు కార్డు తనంతట తానే అంతకు మించి నడుచును. అనగా వాడుకదారుడు చేయుచున్న ఓవర్‌క్లాకింగును కార్డే నిముసము నిముసమునకు చేసికొనసాగెను. పి.సి. ఏ.టి. నాటి ఉదంతమే మరల జరిగెను. వేగములోని మిగులును తయారీదారు తానే తీసికొని, దానిని తన కార్డు గుణముగ ప్రకటించెను. గృహస్థునకు మిగిలిన వేగలాభము స్వల్పము.

మిగిలినది వోల్టేజిలోని మిగులు. 2016లో జి.టి.ఎక్స్. 1080తో వచ్చిన జి.పి.యు. బూస్ట్ మూడవ రూపములో ప్రతి వోల్టేజికి ఎంత వేగము అను వక్రరేఖను వాడుకదారుడు స్వయముగ దిద్దుటకు వీలు కలిగెను. ఒక ఉదాహరణము: కార్డు 1 వోల్టు వద్ద అందుకొను వేగమును 0.90 వోల్టు వద్దనే అందుకొనుమని ఆ రేఖను దిద్ది, అంతకు పైనున్న భాగమును సమతలము చేయవచ్చును. దీనినే నేడు అండర్‌వోల్టింగ్ అనుచున్నారు. నిజమునకు ఇది తక్కువ వోల్టేజి వద్ద చేసిన ఓవర్‌క్లాకింగే.

అదే 2016లో ఏ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 480 విడుదలయ్యెను. కార్డు గుచ్చు బోర్డు గాడి నుండి 75 వాట్లకు మించి తీసికొనరాదని నియమము. ఆ కార్డు ఆ నియమమును దాటుచున్నదని పరీక్షకులు బయటపెట్టిరి. సంస్థ జులైలో కొత్త డ్రైవరు నిచ్చి దానిని సరిదిద్దెను. 2017లో వచ్చిన ఆర్.ఎక్స్. వేగా 64కు 295 వాట్లు కేటాయించిరి. దాని వోల్టేజిని తగ్గించిన పలువురు ఒక వింతను చూచిరి: వేగము తగ్గుటకు బదులు పెరిగెను. కారణము సులభము. ఆ కార్డు వేగమునకు అడ్డు వాట్ల పరిమితి. ఒక్కొక్క తాళమునకు ఖర్చు తగ్గినందున, అదే పరిమితిలో ఎక్కువ తాళములు ఇమిడెను. క్రిప్టో నాణెములను గణించువారు సైతము రాత్రింబవళ్లు నడుచు కార్డుల వోల్టేజిని తగ్గించి కరెంటు బిల్లును తగ్గించుకొనిరి. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతిని మార్చుకొనుటతో కార్డులతో ఎథీరియమును గణించు ఆ వృత్తి ముగిసెను గాని, వారు నేర్పిన పొదుపు నిలిచెను.

ఇంతలో కార్డుల ఆకలి పెరిగెను. 2020లో ఆర్.టి.ఎక్స్. 3090కు 350 వాట్లు. 2022లో 4090కు 450. 2025లో 5090కు 575. ఈ విద్యుత్తు 12 వోల్టుల తీగలపై వచ్చును. 450 వాట్లను 12 చేత భాగించినచో 37.5 ఆంపియర్లు. మన ఇంటి గోడకు గల పెద్ద ప్లగ్గే 16 ఆంపియర్లకు చేయబడినది. ఇంత ప్రవాహము చిన్న కనెక్టరు గుండ పోవునప్పుడు, అది వదులుగ నున్నచో ఏమగునో 2022 అక్టోబరు నుండి వెలువడిన కరిగిన కనెక్టర్ల వార్తలు చాటినవి. పూర్తిగ లోపలికి గుచ్చకుండుట ముఖ్యకారణముగ తేలెను. కావున వేగము మాట తలపెట్టుటకు ముందు కనెక్టరును చివరివరకు నొక్కి చూచుట మొదటి భద్రత.

ఇక హాని ఎట్లు కలుగును? రెండు విధములు. మొదటిది వస్తువునకు హాని. విద్యుత్ప్రవాహము సన్నని లోహపు దారులలోని అణువులను మెల్లమెల్లగ తోసికొనిపోవును. ఏటి ప్రవాహము ఒడ్డును కోసినట్లు. ప్రవాహపు సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగినకొలది ఆయువు ఎట్లు తరుగునో మోటరోలా సంస్థకు చెందిన జేమ్స్ బ్లాక్ 1960 దశకము చివర సమీకరణరూపమున చెప్పెను. అధిక వోల్టేజి ట్రాన్సిస్టరులోని పలుచని పొరలను కూడ క్షీణింపజేయును. ఇది పుస్తకములోని భయము కాదు. ఇంటెల్ వారి 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరములగుచున్నవని వచ్చిన ఫిర్యాదులకు, అవసరమునకు మించిన వోల్టేజి కోరుటయే కారణమని ఆ సంస్థ 2024లో అంగీకరించి, వారంటీని రెండేండ్లు పొడిగించెను. అట్లు క్షీణించిన చిప్పునకు చికిత్స లేదు.

రెండవది లెక్కకు హాని. అండర్‌వోల్టింగ్ వలన కార్డు కాలిపోదు. ఈ మాట నిజమే. కాని అందువలన అది సర్వభద్రమనుట సగము నిజము. 2019 డిసెంబరులో ఐరోపా విశ్వవిద్యాలయముల పరిశోధకులు ప్లండర్‌వోల్ట్ అను ప్రయోగమును ప్రకటించిరి. ఇంటెల్ ప్రాసెసరు వోల్టేజిని సాఫ్ట్‌వేరు ద్వారా తగుమాత్రము తగ్గించినచో, యంత్రము ఆగిపోకుండనే గుణకారములను తప్పుగ చేయుచున్నదని చూపి, ఆ తప్పుల సాయముతో లోపలి రహస్యములను రాబట్టిరి. దానితో ఆ వోల్టేజి ద్వారమును మూయుటకు ఇంటెల్ సవరణలను విడుదల చేయవలసివచ్చెను. మనకు ఇందలి పాఠము ఇది: చిప్పు చావకుండ, చెప్పకుండ అబద్ధమాడగలదు. ఆటలో అట్టి తప్పు తెరపై ఒక చుక్కయై మెరసి పోవును. విద్యార్థి పరిశోధనకు చేయు గణితములో, వైద్యుడు చూడవలసిన చిత్రములో, ఆ తప్పు ఒక అంకెయై నిలిచిపోవును. కార్డుతో ఏ పని చేయుచున్నామను దానినిబట్టి ఎంతవరకు దిగవచ్చునో నిర్ణయించుకొనవలెను.

ఈ చరిత్రనుండి ఇంటికి పనికివచ్చు పద్ధతి దానంతట అదే తేలుచున్నది. ముందుగ కార్డును ఏమియు మార్చకుండ, బరువైన పనితో అరగంట నడిపి, దాని వేగమును, వాట్లను, ఉష్ణోగ్రతను కాగితముపై వ్రాసికొనవలెను. ఆధారము లేక ఏ మార్పు మంచిదో చెప్పజాలము. దుమ్ము పట్టిన పంకాలను శుభ్రపరచుట సైతము ఇందు భాగమే. పిదప ఒకసారి ఒక్కదానినే మార్చవలెను: చిప్పు వేగమో, వోల్టేజియో, మెమరీ వేగమో. వేగమునకు 15 మెగాహెర్ట్జ్, వోల్టేజికి 25 మిల్లీవోల్టులు ఒక అడుగుగ పెట్టుకొనుట మంచిది. ప్రతి అడుగునకు పరీక్ష చేయవలెను. ఒకే పరీక్షా ప్రోగ్రాములో నెగ్గిన కార్డు మరియొక ఆటలో కూలుట కలదు. కావున తాము నిజముగ చేయు పనులతోనే పలుగంటలు పరీక్షింపవలెను. తెరపై చుక్కలు, చారలు, చిత్రపు ముక్కలు చెదరుట, డ్రైవరు తిరిగి మొదలగుట ఇవి హద్దు దాటిన గుర్తులు. హద్దు కనబడినచోట ఆగక, ఒకటి రెండు అడుగులు వెనుకకు వచ్చి నిలువవలెను.

మెమరీ విషయమున ఒక మోసము కలదు. ఆర్.టి.ఎక్స్. 3080 మొదలుకొని వాడిన జి.డి.డి.ఆర్. 6ఎక్స్ రకపు మెమరీ, ప్రసరణలో తప్పు దొరలినచో దానిని గుర్తించి మరల పంపించుకొనును. అందువలన హద్దు దాటినను తెరపై చెడుగు కనబడదు. పని మాత్రము నెమ్మదించును. అంకె పెరిగినదని సంతోషింపక, పని వేగము పెరిగినదా అని కొలిచి చూడవలెను.

కొత్త అంకెలు కొన్ని దినములు నిలకడగ నడిచినవని తేలువరకు, కంప్యూటరు మొదలైనప్పుడెల్ల అవి తామే అమలగునట్లు ఏర్పాటు చేయరాదు. అట్లు చేయకున్నచో, ఏ చిక్కు వచ్చినను యంత్రమును ఆపి తిరిగి నడిపినంతనే కార్డు పూర్వస్థితికి వచ్చును. ఇదియే వాడుకదారునకు గల గొప్ప రక్ష. కార్డులోని మూల ప్రోగ్రామును మార్చివ్రాయుట, బోర్డుపై నిరోధకములను అతికించి వోల్టేజి పరిమితిని దాటించుట ఆ రక్షను చేజేత తీసివేయుటయే. ఇంటివారు వానిజోలికి పోరాదు. వారంటీ పత్రమును ముందుగ చదువుట కూడ ఉచితము.

మన ప్రాంతపు వాతావరణమును మరువరాదు. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుట మనకు తెలిసినదే. వాట్లు, పంకా వేగము మారనప్పుడు గది ఎన్ని డిగ్రీలు వేడెక్కినచో కార్డు ఇంచుమించు అన్ని డిగ్రీలు వేడెక్కును. 4090 కార్డునకు తయారీదారు చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. పుష్యమాసపు రాత్రి 25 డిగ్రీల గదిలో నెగ్గిన అంకెలు రోహిణీకార్తె మధ్యాహ్నము నెగ్గునని నమ్మరాదు. పరీక్ష వేసవిలో చేసినదే పరీక్ష. మరియొక అపోహ: ఇంటికి వచ్చు 230 వోల్టులు తగ్గుటకు, చిప్పు వోల్టేజి తగ్గించుటకు సంబంధము లేదు. మధ్య సరఫరా పెట్టె, కార్డుపైని నియంత్రకములు కలవు. కుంగిన కరెంటు మేలు చేయునని తలచి స్టెబిలైజరును తీసివేయరాదు.

లాభమెంత? ఒక లెక్క వేసి చూతము. 350 వాట్ల కార్డును 280 వాట్లకు తేగలిగినచో, దినమునకు 5 గంటల వాడకమున నెలకు 10.5 యూనిట్లు మిగులును. అంతకంటె ముఖ్యము, గదిలోనికి వచ్చు వేడిమి ఐదింట ఒక వంతు తగ్గును. పంకా మోత తగ్గును. చిప్పునకు ఆయువు పెరుగును. వేగములో నష్టము లేకపోవచ్చును, లేదా స్వల్పముగ ఉండవచ్చును. దీనికి ఎదురుగ, అదే కార్డును నూటికి నాలుగైదు వంతుల వేగము కొరకు పై అంచువరకు తోలినవాడు ఎక్కువ కరెంటును, ఎక్కువ వేడిమిని, తక్కువ ఆయువును కొనుక్కొనుచున్నాడు.

నాడు స్ఫటికమును మార్చినవానికి, నేడు వోల్టేజి రేఖను దిద్దువానికి ఉద్దేశ్యము ఒక్కటే: యంత్రములో అదనముగ విడిచినదానిని వాడుకొనుట. ఆ మిగులు తయారీదారుని అశ్రద్ధ కాదు. బలహీనమైన చిప్పునకు, వేడి దినమునకు, రాబోవు అరుగుదలకు అతడు కట్టిన బీమా. దానిని తీసికొనువాడు ఆ బీమా బాధ్యతను కూడ తనపై వేసికొనుచున్నాడు. కావున ఇతరుల అంకెలను ఎరువు తెచ్చుకొనుట ఇందు పనికిరాదు. ఇరుగింటి కుండ ఎట్లు మోగినను, మన కుండను మనమే మోగించి చూచుకొనవలెను.